వెబ్‌సైటుకు అధికారి ఎవరు?

మన ప్రాచీన శాస్త్రకారులు గ్రంథరచనకు పూనుకొనునపుడు నాలుగు సంగతులను ముందుగా తేల్చుకొనెడివారు. గ్రంథములోని విషయమేమి, దానివలన కలుగు ప్రయోజనమేమి, వానికి గల సంబంధమేమి, దానిని చదువుటకు అధికారి ఎవరు - ఈ నాలుగింటికి అనుబంధ చతుష్టయమని పేరు. ఇందు అధికారి అనగా ఆ గ్రంథము ఎవరి కొరకు పుట్టినదో ఆ పాఠకుడు. కాలక్రమమున ఈ మాటకు అర్థము మారినది. నేడు అధికారి అనగానే మనకు స్ఫురించునది బల్ల వెనుక కూర్చుండి సంతకము చేయు ఉద్యోగి. ఒక్క పదములో జరిగిన ఈ మార్పు నేటి వెబ్‌సైట్ల లోపమును చక్కగా పట్టి చూపుచున్నదని మాకు తోచుచున్నది. పాత అర్థములోని అధికారి కొరకు నిర్మింపవలసిన సైటును మనము కొత్త అర్థములోని అధికారి కొరకు నిర్మించుచున్నాము.

ఉర్దూ విద్యార్థులకు ఈ భావము మరియొక పేరుతో పరిచితమే. అరబ్బీ, ఉర్దూ అలంకార శాస్త్రములలో బలాగత్ అనగా మాట సొగసు మాత్రమే కాదు. చెప్పిన మాట వినువాని స్థితికి, సందర్భమునకు తగి ఉండుట. దీనినే ముఖ్తజాయె హాల్ అందురు. కాశ్మీర దేశమున 11వ శతాబ్దములో క్షేమేంద్రుడు ఔచిత్యమే కావ్యమునకు ప్రాణమని వాదించినాడు. తెలుగు చెప్పుకొనువారికి వెబ్‌సైట్లతో పని ఏమని విద్యార్థులు నవ్వుకొనవచ్చును గాని, ఎవరికి చెప్పుచున్నాము, ఎట్లు చెప్పవలెను అను ప్రశ్న మా శాఖలో వేయి సంవత్సరములుగా నలుగుచున్న ప్రశ్నయే.

ఐతే గ్రంథమునకు, వెబ్‌సైటుకు ఒక భేదము కలదు. దుకాణదారుడు కొనుగోలుదారుని ముఖము చూచును. ఉపాధ్యాయుడు తరగతిలో ఆవులించు విద్యార్థిని చూచి పాఠమును మార్చుకొనును. వెబ్‌సైటుకు వచ్చినవాడు ఒంటరిగా వచ్చును. తనకు కావలసినది దొరకనిచో ఒక్క మాట అనకుండ వెళ్లిపోవును. సైటు యజమానికి అతడు ఎన్నడును కనపడడు. కనపడువారు ఎవరు? పై అధికారులు, తోటి ఉద్యోగులు, బిల్లు మంజూరు చేయువారు. కనపడువారు మెచ్చునట్లు కట్టుట మానవ సహజము. అందుచేతనే లోకములో పెక్కు సైట్లు తమను చూడ వచ్చిన వారికి గాక, తమను కట్టించినవారికి అద్దములుగా ఉన్నవి. ఇది దురుద్దేశముతో జరుగునది కాదు. చూపునకు అందని వానిని తలచుకొనుట కష్టము, అంతే.

అమెరికాలో రాండల్ మన్రో అను వ్యంగ్య చిత్రకారుడు 2010లో ఒక బొమ్మ గీసినాడు. అందు రెండు వృత్తములు. ఒకదానిలో విశ్వవిద్యాలయపు వెబ్‌సైటు మొదటి పుటలో ఉండు వస్తువులు. రెండవదానిలో ఆ సైటుకు వచ్చువారు వెదకు వస్తువులు. రెండు వృత్తములు కలిసిన చోట ఉన్నది ఒక్కటే - విద్యాసంస్థ పూర్తి పేరు. ఆ బొమ్మను చూచి నవ్విన తరువాత ఏ కళాశాల వారైనను తమ సైటును ఒకసారి తెరచి చూచుకొనవలసి వచ్చును.

వెబ్ పుట్టినపుడు ఈ చిక్కు లేదు. 1989లో టిమ్ బెర్నర్స్-లీ జెనీవా సమీపమున ఉన్న సెర్న్ పరిశోధనాలయములో దీనిని ప్రతిపాదించినపుడు వ్రాయువారు, చదువువారు ఇరువురును భౌతిక శాస్త్రజ్ఞులే. పాఠకుడెవరో వేరుగా ఆలోచించుకొన నక్కర లేకపోయినది. 1993 ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ ఈ సాధనమును లోకమునకు ఉచితముగా విడిచిపెట్టినది. అటుపిమ్మట వ్రాయువారు వేరు, చదువువారు వేరు అయినారు. చిక్కు అక్కడ మొదలైనది.

ఈ చిక్కును పెద్ద ఎత్తున విప్పినవారు బ్రిటిష్ ప్రభుత్వమువారు. ఒకప్పుడు ఆ దేశములో ప్రతి మంత్రిత్వ శాఖకును, ప్రతి సంస్థకును వేరు వేరు సైట్లు ఉండెడివి. వానిలో మంత్రుల ఉపన్యాసములు, శాఖల చరిత్ర, లక్ష్య ప్రకటనలు నిండి ఉండెడివి. 2010లో మార్తా లేన్ ఫాక్స్ ఇచ్చిన నివేదిక తరువాత, 2011లో ప్రభుత్వ డిజిటల్ సేవల విభాగము ఏర్పడినది. 2012 అక్టోబరులో గవ్ డాట్ యూకే అను ఒకే సైటు వెలువడినది. వారు వ్రాసికొన్న సూత్రములలో మొదటిది, ప్రజల అవసరముతో మొదలుపెట్టుట. ప్రభుత్వపు అవసరముతో కాదు.

ఆ సూత్రము ఆచరణలో ఎట్లుండునో ఒక్క పుటను చూచిన తెలియును. అక్కడ సెలవు దినములను తెలుపు పుట ఒకటి కలదు. మన వద్దనైనచో అట్టి పుటలో మొదట ప్రభుత్వ ఉత్తర్వు సంఖ్య, తరువాత తేదీ, తరువాత సూచిక, ఎక్కడనో అడుగున సెలవుల పట్టిక ఉండును. వారి పుటలో రాబోవు సెలవు తేదీ పెద్ద అక్షరములతో మొదటనే కనిపించును. ఎందుకనగా ఆ పుటకు వచ్చువారిలో ఎక్కువమంది అడుగునది ఆ ఒక్క ప్రశ్ననే. సంవత్సరపు పట్టిక దాని క్రింద ఉండును. తొమ్మిది సంవత్సరముల పిల్లవానికి బోధపడు భాషలో వ్రాయవలెనని తమ రచయితలకు వారు చెప్పుకొన్నారు. పండితులకు ఇది చిన్నతనముగా తోచవచ్చును. కాని పన్ను కట్టబోవు పండితుడు కూడ ఆ సమయమున తొందరలో ఉన్న మానవుడే గదా! బొమ్మలు లేని, రంగులు లేని, నిరాడంబరమైన ఆ సైటుకు 2013లో లండన్ డిజైన్ మ్యూజియమ్ వారి ఆ సంవత్సరపు ఉత్తమ రూపకల్పన బహుమతి లభించినది.

అదే సంవత్సరము అట్లాంటిక్ ఆవలి తీరమున విపరీతము జరిగినది. 2013 అక్టోబరు 1న అమెరికా ప్రభుత్వము ఆరోగ్య బీమా కొరకు హెల్త్‌కేర్ డాట్ గవ్ అను సైటును తెరచినది. మొదటి దినమున లక్షలాది మంది వచ్చినారు. బీమా నమోదు పూర్తి చేసికొనగలిగినవారు ఆరుగురు. యంత్రముల బలము చాలకపోవుట, సంస్థల మధ్య పొందిక లేకపోవుట మున్నగు కారణములు అనేకము కలవు. వానిలో మన విషయమునకు చెందినది ఒకటి. బీమా పథకముల ధరలు ఎంతెంతయో చూడవలెనన్నను మొదట పేరు నమోదు చేసికొని, వ్యక్తిగత వివరములిచ్చి, ఖాతా తెరువవలెనని నియమము పెట్టినారు. వచ్చినవాడు బేరము చూడ వచ్చినాడు. ఇచ్చినది దరఖాస్తు ఫారము. వేలకు వేల మంది ఆ ఒక్క ద్వారము వద్ద ఒరిసికొని నిలిచిపోయినారు. కొన్ని దినములకే ఖాతా లేకుండ ధరలు చూచు వీలు కల్పింపవలసి వచ్చినది.

ఇక మన సంగతికి వత్తము. మన వంటి ఉర్దూ, తెలుగు కళాశాలకు ఈ ప్రశ్న ఇంకను లోతైనది. ఎందుకనగా మన పాఠకుడు రెండు లిపుల మధ్య నివసించుచున్నాడు. ఇంటిలో ఉర్దూ మాటలాడి, బడిలో తెలుగు లేక ఇంగ్లీషు లిపి మాత్రమే నేర్చినవారు మన తరగతులలో ఎందరో ఉన్నారు. తల్లి ఉర్దూ చదువగలదు, తెలుగు చదువలేదు. కుమార్తె తెలుగు చదువగలదు, ఉర్దూ చదువలేదు. ఇరువురి మధ్య ఉన్నది ఒక్క ఫోను. చదువు మానవలెనా, డిగ్రీలో చేరవలెనా అను నిర్ణయము ఆ ఇంటిలో ఆ రాత్రి ఆ ఫోను మీదనే జరుగవచ్చును. ఇట్టి ఇంటికి ఇంగ్లీషులో మాత్రమే ఉన్న సైటు మూసిన తలుపు వంటిది.

తెలుగు లిపి ఈ వేదికపై కుదురుకొనుటకు చాల కాలము పట్టినది. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగునకు స్థానము లభించినను, సామాన్యుల కంప్యూటర్లకు అది చేరినది 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో. అంతకు పూర్వము ప్రతి తెలుగు సైటుకును దాని సొంత ఫాంటు. ఆ ఫాంటును దించుకొనిన వారికే అక్షరములు కనిపించెడివి. తక్కినవారికి గుర్తులు, గీతలు. ఒక సైటులోని వాక్యమును వేరొక చోట అతికించినచో ఆ వాక్యము నశించెడిది. వెదకినను దొరకెడిది కాదు. ఆ దినములు గడచినవి గాని, ఆనాటి ఫాంటులతో కూర్చిన తెలుగు ప్రకటనలను నేటికిని కొందరు బొమ్మగా మార్చి సైటులో అంటించుచున్నారు. బొమ్మలోని అక్షరము చూచుటకే గాని వెదకుటకు పనికిరాదు.

తెలుగక్షరము క్రిందికి, పైకి పెరుగునది. "స్త్రీ", "రాష్ట్రము" వంటి మాటలలో ఒకదాని క్రింద ఒకటిగా ఒత్తులు దిగును; పైన గుడులు, ఏత్వములు నిలుచును. ఇంగ్లీషునకు సరిపడునట్లు గీసిన పంక్తుల నడుమ తెలుగును పోసినచో పై పంక్తి ఒత్తు క్రింది పంక్తి తలకట్టును తాకును. కొందరు శిల్పులు శీర్షికలలో అందము కొరకు అక్షరముల మధ్య ఎడము పెంచుదురు. ఇంగ్లీషులో అది సొగసు, ఉర్దూలో అది వధ. ఉర్దూ అక్షరములు చేయి చేయి పట్టుకొని నడచునవి. ఆ చేతులు విడదీసిన పదము పదముగా మిగులదు. తెలుగునకు ఇటీవల మంచి ఫాంటులు ఉచితముగా లభించుచున్నవి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ అని వానికి పేర్లు. రాయల భువనవిజయము కంప్యూటరులో మరల కొలువు తీరినది! ఐతే ఆ కొలువులో ఎవరి పని వారిదే. రామభద్ర అను ఫాంటు లావుగా ఉండి శీర్షికలకు చక్కగా అమరును. పుటంతయు దానితో నింపినచో పాఠకుని కన్ను అలసిపోవును. చదువుటకు మండలి వంటిది తగినది. అందమైనదానిని ఎన్నుకొనుట వేరు, తగినదానిని ఎన్నుకొనుట వేరు. క్షేమేంద్రుడు చెప్పినది ఇదే.

పరికరములు చేయువారు కూడ మన లిపిని తలచుకొననిచో ఏమగునో 2018 ఫిబ్రవరిలో లోకము చూచినది. "జ్ఞా" అను తెలుగక్షరము యొక్క ఒక ప్రత్యేకమైన కూర్పు సందేశముగా వచ్చినచో ఐఫోనులో ఆ సందేశము చూపు యాప్ తటాలున మూతపడిపోయెడిది. కొద్ది దినములలోనే ఆపిల్ సంస్థ సవరణను పంపినది. జ్ఞానమునకు మొదటి అక్షరమే అంత పనిచేసినదని ఆనాడు మా తెలుగు మిత్రులు చమత్కరించుకొన్నారు.

ఉర్దూ కథ ఇంకను దీర్ఘమైనది. ఉర్దూ పాఠకుని కన్ను నస్తాలీఖ్ లిపికి అలవాటు పడినది. అందు పదము కుడి వైపు పైనుండి ఎడమ వైపు క్రిందికి జారుచు వచ్చును. అచ్చు యంత్రమునకు ఇది లొంగలేదు. అందుచేతనే ఉర్దూ పత్రికలు చిరకాలము కాతిబుల చేతివ్రాతపైననే ఆధారపడినవి. 1927లో చెన్నపట్టణమున ఆరంభమైన 'ది ముసల్మాన్' దినపత్రిక 21వ శతాబ్దములో కూడ చేతివ్రాతతోనే వెలువడినది. మీర్జా అహ్మద్ జమీల్ అను లిపికారుడు మోనోటైప్ సంస్థతో కలిసి దాదాపు 20,000 పదఖండములను చేతితో వ్రాసి నూరీ నస్తాలీఖ్‌ను సిద్ధపరచినాడు. 1981లో లాహోరు నుండి వెలువడిన జంగ్ పత్రిక దానిని వాడినది. ఇంత శ్రమ ఎందుకు? అరబ్బీ వారి నస్ఖ్ లిపి అప్పటికే యంత్రములకు లొంగి ఉన్నది గదా! దానితో ఉర్దూను కూర్చవచ్చును, చదువను వచ్చును. కాని ఉర్దూ పాఠకునికి అది పరాయి వేషము. తన భాషయే తనకు అతిథివలె కనిపించును. యంత్రమునకు సులభమైనది గాక పాఠకునికి ఇంపైనది కావలెనని పట్టుబట్టినవారి కృషి అది. వెబ్‌లో మాత్రము నస్ఖ్‌యే చాల కాలము రాజ్యమేలినది. 2014లో గూగుల్ వారు నోటో నస్తాలీఖ్ ఉర్దూ ఫాంటును ఉచితముగా విడుదల చేసిన తరువాత ఆ సాకు చెల్లదు.

ఫాంటు ఒక్కటి మార్చిన చాలదు. పుట కుడి నుండి ఎడమకు నడచునదని సైటులో స్పష్టముగా తెలుపవలెను. లేనిచో వాక్యాంతమున ఉండవలసిన చుక్క వాక్యము మొదటికి ఎగురును. వరుస సంఖ్యలు తప్పు వైపున నిలుచును. ఉర్దూ వాక్యము నడుమ ఒక ఫోను నంబరు, ఒక ఇంగ్లీషు పేరు వచ్చినపుడు అవి ఎడమ నుండి కుడికి నడచును. ఆ రెండు ప్రవాహములు కలిసిన చోట తారుమారు కాకుండ చూచుకొనవలెను. నస్తాలీఖ్ ఏటవాలుగా దిగునది గనుక పంక్తికి ఇంగ్లీషు కంటె చాల ఎక్కువ ఎత్తు కావలెను. ఇవన్నియు తెలిసిన సైటుకారులు ఉన్నారు. ముందుగా అడిగిన చేసి పెట్టుదురు. సైటు పూర్తియైన తరువాత ఉర్దూ పుటను ఒక మూలన ఇరికింపుమన్నచో మాత్రము ఫలితము పైన చెప్పినట్లే ఉండును.

ఇందులకు అనువాదపు మీట ఉన్నది గదా అని కొందరు అందురు. యంత్రానువాదము ఈ మధ్య బాగుపడిన మాట నిజమే. ఐనను సందర్భము తెలియని ఒంటి మాటల వద్ద అది తడబడును. మొదటి పుట అను అర్థములోని "హోమ్" అను మాట "ఇల్లు"గా మారిన సైట్లను మేము చూచినాము. ప్రవేశము కోరి వచ్చిన పిల్ల ఆ మీట నొక్కి ఎవరి ఇంటికి పోవలెను?

మాటల ఎన్నికలో మాత్రము మా శాఖవారు కొంత తగ్గవలసి ఉన్నది. ఈ వ్యాసములో మేము వ్రాయుచున్న భాష పత్రికకు తగును, సైటుకు తగదు. "రుసుము" అని వ్రాయవలెనని మాకుండును. విద్యార్థి వెదకు మాట "ఫీజు". "ప్రవేశ పత్రము" అని మనము వ్రాసినచో పరీక్ష ముందు దినమున హాల్ టికెట్ కొరకు వెదకు పిల్లవానికి అది కంటబడదు. "ఉపకార వేతనము" అను మాట అందమైనదే. ఇంటిలో వినబడు మాట "స్కాలర్‌షిప్" లేక "వజీఫా". పాఠకుడు ఏ మాటతో తలుపు తట్టునో ఆ మాటకే తలుపు తెరచుకొనవలెను.

లిపి తరువాత చెప్పవలసినది ఫోను. పదిహేను సంవత్సరములకు పూర్వము సైటు అనగా బల్లపై ఉన్న పెద్ద తెర. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవుక అయిన తరువాత మన విద్యార్థులలో కంప్యూటరు లేనివారు ఉన్నారు గాని, ఇంటిలో ఫోను లేనివారు అరుదైనారు. తెర ఎంత ఉన్నచో పుట అంతకు ఒదిగిపోవు పద్ధతిని 2010లో ఈథన్ మార్కాట్ వివరించినాడు; నేడు అది అందరికిని తెలిసినదే. తెలియనిది బరువు. వార్షికోత్సవములో ఫోనుతో తీసిన ఛాయాచిత్రము ఒక్కొక్కటి మూడు నాలుగు మెగాబైట్లు ఉండును. అట్టివి పది మొదటి పుటలో కదలాడుచున్నచో, ఊరి చివర సంకేతము అందీ అందని చోట ఉన్న పిల్లకు కళాశాల పేరు కనిపించుటకు ముందే ఓపిక నశించును. అదే చిత్రమును కుదించి నూరు కిలోబైట్లకు తెచ్చినను ఫోను తెరపై భేదము కనపడదు.

ఇంకొక ఆచారము కలదు. ప్రకటనను కాగితముపై టైపు చేయించి, సంతకము పెట్టించి, ముద్ర వేయించి, ఆ కాగితమును స్కాన్ చేసి పీడీఎఫ్‌గా సైటులో ఉంచుట. సంతకము, ముద్ర ఎవరి కొరకు? కొత్త అర్థములోని అధికారి కొరకు. విద్యార్థి ఆ పుటను ఫోనులో అటు ఇటు జరుపుచు, పెద్దది చేసికొనుచు, మూడవ పేరాలో ఉన్న చివరి తేదీని పట్టుకొనవలెను. గూగుల్‌లో వెదకినను అది దొరకుట కష్టము. చివరి తేదీని మామూలు అక్షరములతో ఒక్క పంక్తిలో వ్రాసి, సంతకము ఉన్న కాగితమును దాని క్రింద ఉంచినచో ఇరువురికిని న్యాయము జరుగును.

ఆ స్కాన్ కాగితమువలన ఎక్కువగా నష్టపోవువారు అంధ విద్యార్థులు. చూపు లేనివారికి తెరపై ఉన్నదానిని చదివి వినిపించు సాధనములు కలవు. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అను అంధ యువకుడు 2006లో ఆరంభించిన ఎన్‌వీడీఏ అట్టిది, ఉచితముగా లభించును, తెలుగును కూడ చదువగలదు. కాని అక్షరమును చదివినంత సులభముగా అక్షరపు బొమ్మను చదువజాలదు. ఛాయాచిత్రము వెనుక దాని వివరణ వ్రాసి ఉన్నచో దానిని వినిపించును. లేనిచో మౌనము వహించును. వెబ్ ప్రమాణములు నిర్ణయించు సంస్థ 1999 నుండి ఇందులకు నియమములు ప్రకటించుచున్నది. అక్షరపు రంగునకు, దాని వెనుక రంగునకు వెలుతురులో కనీసము నాలుగున్నరకు ఒకటి నిష్పత్తిలో భేదము ఉండవలెననునది వానిలో ఒకటి. లేత పసుపు మీద తెలుపు ఎంత మనోహరముగా ఉన్నను ఎండలో నిలిచి ఫోను చూచువానికి, ముదిమి వచ్చిన తండ్రికి అది శూన్యమే. 2025 ఏప్రిల్ 30న భారత సర్వోన్నత న్యాయస్థానము డిజిటల్ సేవలను అందుకొనుట రాజ్యాంగము 21వ అధికరణము క్రింద జీవించు హక్కులో భాగమని తీర్పు చెప్పినది. కనుక ఇది దయతో చేయవలసిన పని కాదు.

ఇంతకును మన పాఠకుడెవరో తెలిసికొనుట ఎట్లు? అలన్ కూపర్ అను నిపుణుడు 1999 నాటి తన గ్రంథములో ఒక ఉపాయము చెప్పినాడు. పాఠకులందరు అని గాలిలో తలచుకొనక, ఒక వ్యక్తిని ఊహించి, పేరు పెట్టి, ఆమె కొరకు కట్టవలెనని. ఉపాయము మంచిదే. అపాయము కూడ కలదు. ఊహించిన వ్యక్తి ఎప్పుడును మనతో ఏకీభవించును. అందుచేత నిజమైన మనుష్యులను కూర్చుండబెట్టి చూచుట మేలు. జేకబ్ నీల్సన్ 2000 సంవత్సరమున వ్రాసిన ఒక వ్యాసములో అయిదుగురితో పరీక్షించిన చాలును, సైటులోని లోపములలో దాదాపు 85 శాతము బయటపడునని లెక్క కట్టినాడు. ఆ అయిదుగురు ఒకే తీరువారైనపుడే ఆ లెక్క వర్తించును; వేరు వేరు తీరుల వారు ఉన్నచో ఒక్కొక్క తీరునుండి కొందరిని పిలువవలెనని అతడే చెప్పినాడు. మన విషయములో విద్యార్థులు కొందరు, తల్లులు కొందరు, తెలుగు వైపు నుండి కొందరు, ఉర్దూ వైపు నుండి కొందరు కావలెను.

పరీక్ష అనగా అభిప్రాయము అడుగుట కాదు. "సైటు ఎట్లున్నది" అని అడిగినచో మన పిల్లలు మర్యాద గలవారు గనుక "బాగున్నది సార్" అందురు. ఫోను చేతికిచ్చి, "బీ.కాం. మొదటి సంవత్సరము ఫీజు ఎంతయో కనుగొనుము" అని చెప్పి ప్రక్కన మౌనముగా కూర్చుండవలెను. ఎక్కడ వేలు ఆగినదో, ఎక్కడ వెనుకకు మరలినదో చూడవలెను. నోరు విప్పి దారి చూపుట మాత్రము నిషిద్ధము. ఉపాధ్యాయులకు ఇది కఠిన తపస్సు!

తెలంగాణములో 2016 నుండి డిగ్రీ ప్రవేశములు ఎక్కువ కళాశాలలకు 'దోస్త్' అను ఆన్‌లైన్ పద్ధతిలో జరుగుచున్నవి. ఇంగ్లీషు మాటల తొలి అక్షరములతో కూర్చిన పేరైనను అది ఉర్దూ మాట అగుట మనకు ముచ్చట. అందు విద్యార్థి తనకు కావలసిన కళాశాలలను వరుసగా ఎన్నుకొనవలెను. ఎన్నుకొనుటకు ముందు రాత్రి ఆమె తెరచి చూచునది ఆ కళాశాలల సైట్లను. ప్రవేశముల దినములలో తల్లిదండ్రులు వచ్చి అడుగు ప్రశ్నలు మాకు కంఠస్థమే. ఫీజు ఎంత, రీయింబర్స్‌మెంటు వర్తించునా, బస్సు ఏ దారిన వచ్చును, హాస్టలు ఉన్నదా, ఉర్దూ రెండవ భాషగా తీసికొనవచ్చునా, ఏయే కాగితములు తేవలెను. ఈ ఆరింటికి సమాధానములు మొదటి పుటలో, రెండు భాషలలో, ఒక్క వ్రేలితో అందునంత దూరమున ఉండవలెను. చదువు రాని తల్లి కొరకు అదే సమాచారమును మన ఇండ్లలో మాటలాడు దక్కనీలో రెండు నిమిషములు చదివి ఆ పుటలో ఉంచుట ఏమంత భారము? ఒక ఫోను నంబరు కూడ కావలెను. అది పలుకు నంబరు కావలెను.

కమిటీ పెద్దలకు ఒక విన్నపము. సంస్థను నెలకొల్పినవారి చిత్రములు, సందేశములు సైటులో ఉండకూడదని మా భావము కాదు. దాతల కృషి తెలియవలసినదే. దాతలు, పూర్వ విద్యార్థులు కూడ పాఠకులే, వారి కొరకు ఒక పుట చక్కగా ఉండవలెను. అట్లే న్యాక్ సంఘమునకు చూపవలసిన నివేదికలు, విశ్వవిద్యాలయ నిధుల సంఘము కోరు వివరములు తప్పనిసరి. ఆ అధికారులకును ఇంటిలో గది ఉండవలసినదే. కాని వీధి గుమ్మము వారిది కాదు. నివేదిక కోరి వచ్చు అధికారి లోపలి గదికి దారి వెదకుకొనగలడు; అది ఆయన వృత్తి. మొదటిసారి వచ్చిన పదునేడేండ్ల పిల్లకు ఆ ఓపిక ఉండదు, ఉండనక్కర లేదు.

పాతబడిన ప్రకటనల సంగతి కూడ తేల్చవలసి ఉన్నది. గత సంవత్సరపు ప్రవేశ ప్రకటన నేటికిని మెరయుచు కదలుచున్న సైటును చూచినవారికి ఆ కళాశాల నడచుచున్నదా అను అనుమానము కలుగును. ప్రతి పుట అడుగున దానిని చివరిసారి సరిచూచిన తేదీ, సరిచూచు శాఖ పేరు ఉండుట మంచిది. ఉర్దూ పుటలను ఉర్దూ శాఖ, తెలుగు పుటలను మా శాఖ చూచుకొనవచ్చును. యంత్రమునకు అప్పగింపవలసిన పని కాదది. ఇంటర్మీడియట్ ఫలితములు వచ్చిన వెంటనే ప్రవేశముల సందడి మొదలగును. అందుచేత మొదటి పుటను మార్చి లోపల, పైన చెప్పిన పరీక్షను పెట్టవలసినది మొదటి సంవత్సరపు విద్యార్థులకు, వీలైనచో వారి తల్లులకు. ప్రవేశము కోరి సైటు తెరచిన రాత్రి వారికి ఇంకను గుర్తుండును.